బొహోల్ డ్యాములు చూడబోతున్న అమ్మాయికి: కాలువ చివరి నుంచి మొదలుపెట్టు

ఫిలిప్పీన్స్‌లోని బొహోల్‌కి ఆరు వారాల ఫీల్డ్‌వర్క్‌కి వెళ్తున్నానని రాశావు. జపాన్ అప్పుతో కట్టిన సాగునీటి ప్రాజెక్టు మీద, ప్రపంచ బ్యాంకు డబ్బుతో నడిచిన గ్రామ పథకాల మీద రిపోర్టు రాయాలన్నావు. ‘విదేశీ సాయం నిజంగా పనికొస్తుందా, అప్పుల ఊబేనా, అక్కడ ఏం చూస్తే తెలుస్తుంది?’ అని అడిగావు. నేను ఇరవై ఏళ్లకు పైగా మన కాలువల మీద ఇంజనీరుగా చేసి, తర్వాత కొన్నేళ్లు ఫిలిప్పీన్స్‌లో విసాయాస్ దీవుల్లో కన్సల్టెంటుగా తిరిగాను. నువ్వు నా కూతురి ఈడుదానివి కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను, ఏమనుకోకు.

ముందు ఊరి సంగతి. బొహోల్ ఒక దీవి, అదే ఒక ప్రావిన్స్. ప్రావిన్స్ అంటే మన జిల్లా లాంటిదే కానీ పైన కలెక్టర్ ఉండడు, ఎన్నికైన గవర్నర్ ఉంటాడు. 2020 జనాభా లెక్కల్లో 13.9 లక్షల మంది. తగ్బిలరాన్ నగరం, 47 మున్సిపాలిటీలు, వాటి కింద 1,109 బరంగాయ్‌లు. బరంగాయ్ అంటే మన గ్రామ పంచాయతీ, దాని పెద్ద ‘కపితాన్’. మున్సిపాలిటీ అన్నారని టౌను ఊహించుకోకు, అది మన మండలం లాంటిది, చాలావరకు పొలాలే. టూరిస్టులు పడమటి వైపు పంగ్లావ్ బీచికి, మధ్యలో చాక్లెట్ కొండలకి వెళ్లి వచ్చేస్తారు. నీ పని తూర్పు, ఈశాన్య వైపు: పిలార్, అలీసియా, శాన్ మిగెల్, ఉబాయ్. అక్కడ దిగగానే నీకు కోనసీమ గుర్తొస్తుంది, కొబ్బరి, వరి, బురద. కాకపోతే కోనసీమకి గోదావరి ఉంది. బొహోల్‌లో చాలా భాగం సున్నపురాయి నేల, చెప్పుకోదగ్గ పెద్ద నది లేదు.

అందుకే డ్యాములు. పిలార్‌లో మాలినావ్ డ్యామ్ 1990ల్లో పూర్తయింది, ఆయకట్టు 4,960 హెక్టార్లు, అంటే మన లెక్కలో సుమారు 12,250 ఎకరాలు. తర్వాత రెండో దశలో శాన్ మిగెల్‌లో బయొంగన్ డ్యామ్, 4,140 హెక్టార్లు. ఉబాయ్‌లో కపాయస్ అనే చిన్న డ్యామ్ ఉంది, 1,160 హెక్టార్లు. మొత్తం పదివేల హెక్టార్ల పైమాట. డబ్బు జపాన్ ప్రభుత్వ అప్పు. కాగితాలు తిరగేసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకో: పాత ఫైళ్లలో అప్పిచ్చిన సంస్థ పేరు ఓఈసీఎఫ్ అని, 1999 తర్వాత జేబీఐసీ అని, 2008 చివరి నుంచి జైకా అని ఉంటుంది. ముగ్గురు వేర్వేరు దాతలనుకుని పట్టికలు వేసిన కుర్రాళ్లను చూశాను. అదే ఇల్లు, బోర్డు మారింది.

ఇప్పుడు అసలు కథ. మాలినావ్ కట్టాక అనుకున్న ఆయకట్టు మొత్తానికి నీళ్లు అందలేదు. ఎందుకో మనవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. కాలువ మొదట్లో ఉన్నవాడు మడి నిండా నీళ్లు నిలబెట్టుకుంటాడు, మిగిలింది బోదెల్లోకి పోతుంది, చివరి రైతు గట్టు మీద కూర్చుని ఆకాశం వైపు చూస్తాడు. వరి అంటే నీళ్లలో నిలబడే పంట అని అక్కడా నమ్మకమే. తెరిచిన తూము మూయాలంటే మనసొప్పదు. కృష్ణా డెల్టాలో దాళ్వా రోజుల్లో రాత్రిళ్లు తూముల దగ్గర కాపలా కాసిన వాళ్లెవరైనా మీ ఇంట్లో ఉంటే అడుగు, ఒక్క ముక్క ఎక్కువ తక్కువ లేకుండా ఇదే చెబుతారు.

దీనికి అక్కడి జాతీయ సాగునీటి సంస్థ, వాళ్లు ‘నియా’ అంటారు, రెండు పనులు చేసింది. ఒకటి, బయొంగన్ కట్టడం. రెండోది, 2000ల మధ్యలో లోస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, అదే మన ‘ఇర్రి’, అభివృద్ధి చేసిన పద్ధతిని కాలువ మొత్తానికి వర్తింపజేయడం. మడిలో నీళ్లు ఎప్పుడూ నిలబెట్టకుండా, ఇంకాక మళ్లీ పెట్టడం. ఇంగ్లీషులో దానికి పొడుగాటి పేరుంది, మనకి ఎప్పటి నుంచో ఒక్క మాట ఉంది: ఆరుతడి.

ఎలా చేస్తారంటే, బెజ్జాలు పెట్టిన ప్లాస్టిక్ గొట్టమో వెదురు బొంగో మడిలో పాతుతారు. నేల పైకి నీళ్లు కనబడకపోయినా గొట్టంలోకి తొంగిచూస్తే లోపల నీరు ఎంత లోతుకి దిగిందో తెలుస్తుంది. 15 సెంటీమీటర్ల లోతుకి దిగేదాకా భయం లేదు, వేళ్లకి అందుతుంది. అక్కడికి దిగాక మళ్లీ 5 సెంటీమీటర్ల దాకా నీళ్లు పెడతారు. నాటిన మొదటి రెండు వారాలు కలుపు రాకుండా, పూత దశలో గింజ తాలు పోకుండా మాత్రం నీళ్లు నిలబెట్టాలి. నీళ్లు పదిహేను నుంచి ముప్ఫై శాతం దాకా ఆదా అవుతాయి, దిగుబడి తగ్గదు. నీళ్లు నిలిచిన మడిలోంచి వచ్చే మీథేన్ వాయువు కూడా బాగా తగ్గుతుందని ఇప్పుడు కార్బన్ క్రెడిట్ల వాళ్లు దీని వెంట పడుతున్నారు గానీ, అప్పట్లో రైతుకి ఆ పేరే తెలియదు.

ఇర్రి వాళ్ల లెక్క ప్రకారం పంటల సాంద్రత సుమారు 119 శాతం నుంచి 160 శాతానికి పెరిగింది. అంటే వంద ఎకరాల ఆయకట్టులో రెండు పంటలూ కలిపి 119 ఎకరాలు సాగయ్యేది 160కి వచ్చిందన్నమాట. రెండు పంటలూ పూర్తిగా పండితే 200. ఈ అంకె నీకు ప్రతి ప్రెజెంటేషన్‌లోనూ కనబడుతుంది. డ్యామ్ వాళ్లు డ్యామ్ వల్ల అంటారు, ఆరుతడి వాళ్లు ఆరుతడి వల్ల అంటారు. రెండూ ఒకే కాలంలో వచ్చాయి. ఎవరి వాటా ఎంతో ఆ ఒక్క అంకెలోంచి పిండలేవు. నీ రిపోర్టులో దయచేసి ఆ పని చేయకు.

నేను నిన్ను నిజంగా చూడమనేది దీని కింద ఉన్న సంగతి. ఇదే పద్ధతి 2002లో తార్లాక్ ప్రావిన్స్‌లో బోరు మోటార్ల కింద మొదలుపెట్టారు. అక్కడ రైతులు ఎవరూ బలవంతపెట్టకుండానే పట్టుకున్నారు. మోటారు గంట తక్కువ తిరిగితే ఆ డబ్బు జేబులో మిగులుతుంది మరి. బొహోల్ కాలువల కింద ఆ లెక్క లేదు. అక్కడ నీటి తీరువా హెక్టారుకి ఇన్ని కబాన్ల వడ్లు అని ఉండేది. కబాన్ అంటే 50 కిలోల బస్తా. ఎన్ని నీళ్లు వాడినా అదే తీరువా. అలాంటప్పుడు ఎగువ రైతు నీళ్లు ఎందుకు ఆదా చేస్తాడు? ఆదా చేస్తే లాభం దిగువ వాడికి, కష్టం తనకి. గొట్టాలు ఉచితంగా పంచినంత మాత్రాన అది జరగదు. బొహోల్‌లో జరిగింది ఎందుకంటే, పై నుంచి వంతులు కట్టి తూములు మూశారు. ఈ వారం నీకు, వచ్చే వారం వాడికి. నీళ్లు రాని రోజుల్లో పంట చచ్చిపోదని ముందు కొన్ని మళ్లలో చేసి చూపించారు, శిక్షణ ఇచ్చారు. గొట్టం రైతు భయం పోగొట్టింది. నీళ్లు మిగిల్చింది మాత్రం వంతులే. ఈ రెండూ వేర్వేరు పనులు, రిపోర్టుల్లో ఒకటిగా కలిసిపోతాయి.

ఆ వంతు నడవాలంటే రోజూ తూము తాళం చెవి పట్టుకుని తిరిగే మనిషి కావాలి, వాడి మాట వినే సంఘం కావాలి. ఇందులో ఫిలిప్పీన్స్ మనకంటే సీనియర్. 1976లోనే నువేవా ఎసిహా ప్రావిన్స్‌లోని లావుర్‌లో ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో, కాలువ కట్టకముందే రైతుల్ని కూడగట్టే ప్రయోగం మొదలుపెట్టారు. ఊళ్లో మకాం వేసే ఆర్గనైజర్లను పెట్టి, కాలువ ఎటు పోవాలో రైతుల్నే అడిగారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీటి సంఘాల చట్టం 1997లో వచ్చింది, ఆ ఏడాదే పదివేలకు పైగా సంఘాలకి ఒక్క ఊపులో ఎన్నికలు పెట్టాం. వాళ్లది ఊరూరా నెమ్మదిగా పాకిన పని, మనది ఒక్కసారి పొంగిన పాలు. ఏది మంచిదో నీ ప్రొఫెసర్లు వాదించుకుంటారు. నా అనుభవంలో మాత్రం ఎన్నిక కంటే ముందు కాలువ గట్టు మీద పదిసార్లు కలిసి నడిచిన సంఘమే తర్వాత పూడిక తీసింది.

2018 ఫిబ్రవరిలో అక్కడ ఉచిత సాగునీటి చట్టం వచ్చింది. ఎనిమిది హెక్టార్ల లోపు రైతులకి తీరువా రద్దు. పేద రైతుకి మంచిదే, నేను కాదనను, కోతల రోజున బస్తాలు మోసుకెళ్లి కట్టే బాధ తప్పింది. కానీ సంఘాలకి తీరువా వసూలులో వాటా వచ్చేది, వసూలు చేసే పని వల్ల ఊళ్లో ఒక పెత్తనం, ఒక గౌరవం ఉండేవి. ఆ స్థానంలో ఇప్పుడు బడ్జెట్‌లోంచి సబ్సిడీ ఇస్తున్నారు. నువ్వు వెళ్లినప్పుడు సంఘం ప్రెసిడెంటుని ‘2018కి ముందు మీ మీటింగుకి ఎంతమంది వచ్చేవాళ్లు, ఇప్పుడు ఎంతమంది వస్తున్నారు?’ అని అడుగు. హాజరు పుస్తకం చూపించమను, అలాంటివి వాళ్లు చక్కగా రాస్తారు. మనకిది కొత్త కాదు. 2004లో ఉచిత కరెంటు, 2018 జనవరి నుంచి తెలంగాణలో 24 గంటల కరెంటు వచ్చాక బోర్ల కింద ఆటో స్టార్టర్లు ఏం చేశాయో నీకు తెలుసు కదా. కరెంటు వస్తే మోటారు దానంతటదే తిరుగుతుంది, పొలంలో మనిషి ఉండడు, ఆరుతడి అని ఎవరు చెప్పినా ఎవరికి చెప్పినట్టు?

ఇక రెండో విషయం, గ్రామ పథకాలు. నీకు కావాల్సిన పేరు కలాహి-సిడ్స్. 2003లో ప్రపంచ బ్యాంకు పది కోట్ల డాలర్ల అప్పుతో మొదలైంది. 2010లో అమెరికా ప్రభుత్వ సంస్థ మిలీనియం చాలెంజ్ ఇచ్చిన 43.4 కోట్ల డాలర్లలో 12 కోట్లు దీనికి పోయాయి. 2014 నుంచి దేశవ్యాప్త కార్యక్రమంగా పెంచారు. ఇండొనేషియాలో కెచామతన్ ప్రోగ్రాం అని అంతకుముందు నడిచింది, దాన్ని చూసి నేర్చుకున్నదే. మన ‘వెలుగు’ కూడా ప్రపంచ బ్యాంకు డబ్బే, 2000లో మొదలైంది. అయితే వెలుగు మహిళా సంఘాల చుట్టూ తిరిగింది, కలాహి మాత్రం ఊరి సభ చుట్టూ. బరంగాయ్‌లో సభ పెట్టి మాకు బడి గది కావాలా, కాలిబాట కావాలా, మంచినీళ్లా అని తేలుస్తారు. తర్వాత మున్సిపాలిటీలోని బరంగాయ్‌ల ప్రతినిధులంతా ఒకచోట కూర్చుని, ఉన్న డబ్బుకి ఎవరి ప్రతిపాదన ముందు, ఎవరిది వెనక అని వాళ్లే వరస పెట్టుకుంటారు. సిమెంటు కొటేషన్లు తెచ్చేది, చెక్కు మీద సంతకం పెట్టేది ఊరివాళ్లే. ఊరి వాటా, మున్సిపాలిటీ వాటా కొంత కలపాలి.

ఆ వరస పెట్టే మీటింగు ఒక్కటైనా చూడగలిగితే చూడు. ఓడిపోయిన ఊరివాళ్లు అక్కడే కూర్చుని ఉంటారు, మొహాలు చిన్నబోతాయి. కపితాన్ మాట బలంగా ఉన్న ఊళ్లో ‘సభ తీర్మానం’ అంటే ఆయన తీర్మానమే. అయినా ఈ పథకాల్లో నాకు నచ్చింది ఒకటుంది: ఎంత ఖర్చయిందో ఊరందరికీ తెలుస్తుంది. బోర్డు మీద చాక్‌పీసుతో రాసి పెడతారు. ఫిలిప్పీన్స్‌లో మిగతా చోట్ల బోర్డు అంటే నాయకుడి ఫొటో, ‘ఈ రోడ్డు ఫలానా వారి కానుక’ అని. జనం దాన్ని వెక్కిరిస్తూ ‘ఎపాల్’ అంటారు, ప్రతిదానిలో తల దూర్చేవాడని. ఫ్లెక్సీల విషయంలో మనవాళ్లకేమీ తీసిపోరు.

నా తప్పు ఒకటి చెబుతాను. ఒక దీవిలో (ఊరి పేరు, దాత పేరు వద్దులే) మంచినీళ్ల పథకం పెట్టి నాలుగేళ్లయ్యాక తనిఖీకి వెళ్లాను. ఇంటికి నెలకి ఇరవై పెసోలు వసూలు. పుస్తకం ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. పంపు మాత్రం ఆగి రెండు నెలలైంది. పెట్టె తెరిస్తే డబ్బు లేదు, అప్పు చీటీలున్నాయి. ఊళ్లో ఎవరో పోయారు. వాళ్లకి శవజాగారం వారం రోజుల పైనే నడుస్తుంది, వచ్చినవాళ్లందరికీ కాఫీ, బిస్కెట్లు, భోజనం పెట్టాలి. కోశాధికారి దగ్గర డబ్బుందని ఊరందరికీ తెలుసు, ఆవిడకి ఆ ఇంటివాళ్లు బంధువులు. ఎలా కాదంటుంది? తర్వాత మరొకరు ఆసుపత్రికని, ఇంకొకరు స్కూలు ఫీజని. నేను రిపోర్టులో ‘నిధుల దుర్వినియోగం’ అని ఒక్క ముక్క రాసి పడవ ఎక్కాను. ఆ ఒక్క ముక్కతో ఆ ఊరికి రెండో విడత డబ్బు ఆగిపోయింది. ఆవిడ ఒక్క పెసో కూడా తినలేదు. ఇంటికొచ్చాక మా అమ్మ వాళ్ల పొదుపు సంఘం గుర్తొచ్చింది. వాళ్ల దగ్గర పొదుపు డబ్బు ఉండేదే అప్పులివ్వడానికి, చావుకీ పెళ్లికీ అందులోంచే. ఆ దీవిలో అలాంటి అప్పుల పెట్టె ఇంకొకటి ఉండి ఉంటే పంపు పెట్టె జోలికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఈ సలహా రాయడానికి నాకు ఐదు నిమిషాలు పట్టేది. అందుకే చెబుతున్నాను, పుస్తకంలో డబ్బు తక్కువైతే ఎవరు తిన్నారని కాకుండా ఎటు వెళ్లిందని అడుగు.

అప్పుల ఊబి ప్రశ్నకి వస్తాను. బొహోల్ రైతు యెన్లలో బాకీ తీర్చడు, తీర్చేది మనీలా ప్రభుత్వం. అక్కడ 1996 నాటి విదేశీ సాయం చట్టం ప్రకారం ఏ సాయపు రుణంలోనైనా కనీసం 25 శాతం గ్రాంటు అంశం ఉండాలి, అంటే మార్కెట్ వడ్డీకి తెచ్చిన అప్పుతో పోలిస్తే అంత చవక కావాలి. జపాన్ అప్పులు వడ్డీ తక్కువ, గడువు ఎక్కువ. కానీ అప్పు యెన్లలో ఉంటుంది. 1985లో డాలరుకి 240 యెన్ల దగ్గర ఉన్నది మూడేళ్లలో 120 దరిదాపుల్లోకి వచ్చింది. తక్కువ వడ్డీ అప్పు కాస్తా డాలర్ల లెక్కలో చూస్తే రెట్టింపు బరువైంది. కాబట్టి వడ్డీ ఒక్కటే చూసి చవక అనకు.

పోల్చుకోవడానికి లూజాన్ (మనీలా ఉన్న పెద్ద దీవి) ఉత్తర కొండల్లోని చీకో నది సంగతి చదువు. 1970ల్లో ప్రపంచ బ్యాంకు అండతో ఆ నది మీద నాలుగు డ్యాములు అనుకున్నారు. కాలింగా, బొంతొక్ తెగల ఊళ్లు, పితరుల సమాధులు, తరాల నాటి మెట్ల మళ్లు మునిగిపోతాయని జనం అడ్డుపడ్డారు. కాలింగా పెద్ద మాక్లీఇంగ్ దులాగ్‌ని 1980 ఏప్రిల్ 24న సైనికులు ఇంటి దగ్గరే కాల్చి చంపారు. డ్యాములు ఆగిపోయాయి. బ్యాంకు 1982లో ఆదివాసీ ప్రజల విషయంలో ఒక విధానం తెచ్చుకుంది, దాని వెనక చీకో అనుభవం ఉంది. మన పోలవరం కొండరెడ్ల, కోయల ఊళ్ల గురించి చదివినదానివి కాబట్టి ఆ కథ నీకు వేరే చెప్పక్కర్లేదు. అదే నది మీద 2018 ఏప్రిల్‌లో చైనా అప్పు ఒప్పందం అయింది, నీళ్లు పంపులతో ఎత్తిపోసే పథకానికి. 6.2 కోట్ల డాలర్లు, వడ్డీ 2 శాతం, కాంట్రాక్టరు చైనా కంపెనీ. ఒప్పందంలో గోప్యత షరతు, ప్రభుత్వ ఆస్తుల రక్షణ వదులుకునే షరతు ఉన్నాయని 2019లో సుప్రీంకోర్టులో కేసు వేశారు. డ్యామ్ కాదు కాబట్టి ముంపు తక్కువ. కానీ పంపుకి కరెంటు బిల్లు ఏటా వస్తుంది. అప్పు తీరిపోయాక కూడా వస్తుంది. మనకి ఎత్తిపోతల గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు కదా.

పంగ్లావ్ ఎయిర్‌పోర్టు కూడా జపాన్ అప్పే, 2018 నవంబరులో తెరిచారు. దిగేది నువ్వు అక్కడే కాబట్టి చూడకుండా ఉండవు. అది టూరిజం కథ, దాన్ని ఈ రిపోర్టులో కలపకు, పేజీలు తినేస్తుంది.

ఇప్పుడు పనికొచ్చే మాటలు. వెళ్లేముందు జైకా వెబ్‌సైట్‌లో బొహోల్ సాగునీటి ప్రాజెక్టు పూర్తయ్యాక వేసిన మూల్యాంకన రిపోర్టులు చదువు. అప్పిచ్చినవాడి రిపోర్టే అయినా నీళ్లు చాలని సంగతి దాచరు. ప్రణాళిక శాఖ ఏటా విదేశీ రుణాల సమీక్ష వేస్తుంది, అందులో ఏ ప్రాజెక్టు ఎన్నాళ్లు ఆలస్యమైందో ఉంటుంది. ఆ శాఖని మొన్నటిదాకా నేడా అనేవాళ్లు, 2025లో పేరు మారింది, రెండు పేర్లతోనూ వెతుకు. ఆలస్యాలకి కారణం అన్నచోట భూసేకరణ, స్థానిక వాటా డబ్బు రాకపోవడం మళ్లీ మళ్లీ కనబడతాయి.

దిగాక మొదటి రోజే డ్యామ్ ఆఫీసుకి వెళ్లి నమస్కారం పెట్టు, అనుమతి కాగితం తీసుకో, మ్యాపు అడుగు. రెండో రోజు నుంచి మాత్రం మ్యాపులో చివరి పిల్లకాలువ ఎక్కడ ఆగిందో అక్కడికి వెళ్లు. డ్యామ్ వైపు నుంచి కిందకి వస్తే ప్రతి చోటా నీళ్లు కనబడి, ప్రతివాడూ బాగుందంటాడు. చివరి రైతుని రెండు ప్రశ్నలు అడుగు: పోయిన ఎండాకాలం పంటకి నీ వంతు ఏ రోజు, నీళ్లు వచ్చింది ఏ రోజు. ఆ తేడానే నీ రిపోర్టు. కౌలు రైతుని యజమాని ముందు అడగకు. పొలం తాకట్టు పెట్టిన వాళ్లు చాలామంది ఉంటారు, దాన్ని ‘ప్రెండా’ అంటారు, పట్టా ఒకరిది సాగు ఇంకొకరిది. జాబితాలో పేరు చూసి ఇంటికి వెళ్తే తప్పు మనిషి దొరుకుతాడు.

భాష బిసాయా. ఇంగ్లీషు చాలామందికి వచ్చు, కానీ ఇంగ్లీషులో అడిగితే ‘ఓకే’ అనే జవాబే వస్తుంది. ఉబాయ్ కుర్రాడినో పిల్లనో దుబాసీగా పెట్టుకో, రోజుకూలీ సరిగ్గా ఇవ్వు. నువ్వు తెలుగు దానివని చెబితే వాళ్లకి తెలియదు, ‘ఇండియన్, డాక్టర్ చదువా?’ అంటారు, మన పిల్లలు దావావ్‌లో, మనీలాలో మెడిసిన్ చదవడం వాళ్లకి అలవాటైపోయింది. ఐ.ఆర్.8 వరి గురించి చెప్పు. లోస్ బాన్యోస్‌లో పుట్టిన ఆ రకాన్ని 1967లో మా పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు వేశారని, ఆయన్ని ‘మిస్టర్ ఐ.ఆర్.8’ అన్నారని చెబితే ముసలి రైతులు నవ్వి కుర్చీ వేస్తారు. నాకు రెండుసార్లు పనిచేసింది.

మే నెలలో మాత్రం టికెట్ తీసుకోకు. బొహోల్‌లో మే అంతా ఊరికొక రోజున తిరునాళ్లు. ఇంటింటికీ పిలిచి లెచోన్ (నిప్పుల మీద కాల్చిన పంది మాంసం) పెడతారు, కడుపు నిండుతుంది, ఇంటర్వ్యూ ఒక్కటీ జరగదు.